సిస్టమ్ హోరు తగ్గాలంటే.. ముందు వాట్లు తగ్గాలి

ఆన్‌లైన్ పరీక్షలకు, వీడియో ఇంటర్వ్యూలకు ఇంట్లోనే డెస్క్‌టాప్ అసెంబుల్ చేయించుకుంటున్నారా? ఎక్కడ ఖర్చు పెట్టాలి.. ఎక్కడ చేయి వెనక్కి తీసుకోవాలి?

మార్చి నెలాఖరు రాత్రి. నకరికల్లులో రెండు గదుల స్లాబు ఇల్లు అనుకోండి. ముందు గదిలో నాన్న పడుకున్నారు. మిరపకాయ ఆఖరి కోతలు, తెల్లారకముందే ఆయన చేలో ఉండాలి. వెనక గదిలో మీరు రేపటి కోడింగ్ టెస్టుకు ప్రాక్టీస్ చేస్తున్నారు. ప్రోగ్రామ్ రన్ చేసిన ప్రతిసారీ బల్ల కిందున్న పెట్టె బుర్రుమని లేస్తోంది. 'ఒరేయ్, ఆ మిషను కట్టేసి పడుకోరా' అని ముందు గదిలోంచి కేక.

పోనీ పగలు కూర్చుందామంటే వేరే తంటా. వీడియో ఇంటర్వ్యూలో అవతలివాళ్లు మీ జవాబు రెండోసారి చెప్పమంటారు. ఏదైనా మిక్సీ ఆడుతోందా అని కూడా అడుగుతారు. నిఘాతో జరిగే ఆన్‌లైన్ పరీక్షల్లో చాలా సాఫ్ట్‌వేర్లు కెమెరాతో పాటు మైక్‌ను కూడా గమనిస్తుంటాయి. అక్కడ ఆగకుండా వచ్చే హోరు మీకు అనుకూలంగా పనిచేయదు.

అందుకే ఈమధ్య సిస్టమ్ కట్టించుకునే విద్యార్థులు 'సౌండ్ రానిది కావాలి' అని అడుగుతున్నారు. షాపులో ఆ పేరుతో విడిభాగమేదీ ఉండదు. ప్రాసెసర్ నుంచి పవర్ సప్లై దాకా ఒక్కో భాగం ఎంచుకునేటప్పుడే ఆ సంగతి తేలిపోతుంది. పల్నాడులో అయితే ఇంకో చిక్కు కూడా ఉంది. ముందు దాని గురించి మాట్లాడుకుందాం.

ఎండ లెక్క మారుస్తుంది

కంప్యూటర్ వాడుకునే కరెంటంతా చివరికి వేడిగానే బయటికొస్తుంది. వంద వాట్లు తాగే సిస్టమ్ గదిలో వంద వాట్ల పాత బల్బు వెలిగించినట్టే. ఆ వేడిని బయటికి నెట్టేది ఫ్యాను, ఆ ఫ్యాను తిరిగే చప్పుడే మనకు వినిపించే హోరు. మదర్‌బోర్డు చిప్ వేడిని చూస్తూ ఫ్యాను వేగాన్ని నిర్ణయిస్తుంది. వేడి పెరిగితే వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే నాన్నకు నిద్ర చెడుతుంది.

యూట్యూబ్‌లో మీరు చూసే రివ్యూలు చాలావరకు ఏసీ గదుల్లో, 20 నుంచి 25 డిగ్రీల మధ్య చేసినవి. 'ఫుల్ లోడ్‌లో 65 డిగ్రీలే, చప్పుడే లేదు' అని అందులో చెబుతారు. అది అబద్ధం కాదు. ఆ గది 25 డిగ్రీలుంటే, చిప్ గది కంటే 40 డిగ్రీలు పైన ఉందన్నమాట. అదే కూలర్‌ను అదే వేగంతో తిప్పినా ఆ 40 డిగ్రీల తేడా కాస్త అటూఇటుగా అలాగే ఉంటుంది. మారేది గది మాత్రమే. వేసవిలో వాతావరణ వార్తల్లో రెంటచింతల పేరు వినని ఏడాది ఉండదు. ఈ ప్రాంతంలో 45 డిగ్రీలు దాటడం కొత్తా కాదు. పగలంతా కాగిన స్లాబు రాత్రి పది దాటాక కూడా వేడి కక్కుతూనే ఉంటుంది. గది 38 దగ్గర ఉంటే, రివ్యూలో 65 చూపించిన చిప్ మన దగ్గర 78 చూపిస్తుంది. మదర్‌బోర్డుకు మన ఊరి సంగతి తెలీదు. 78 చూడగానే ఫ్యానును పరుగెత్తిస్తుంది.

కాబట్టి వేరే దేశపు రివ్యూలో 'క్వైట్' అన్న మాటను మన దగ్గర 13 నుంచి 15 డిగ్రీలు కలిపి చదువుకోవాలి. ఆ కలిపిన డిగ్రీలను రెండు విధాలుగా సర్దుకోవచ్చు: చిప్ తాగే వాట్లు తగ్గించడం, ఎక్కువ గాలిని నెమ్మదిగా కదిలించడం. మిగతా సంగతులన్నీ ఈ రెండింటి కిందకే వస్తాయి.

వేడి సంగతి తేల్చకుండా చప్పుడొక్కటే ఆపేస్తే ఏమవుతుందో చెప్పే పాత కథ ఒకటుంది. 1980లో యాపిల్ సంస్థ యాపిల్ 3 అనే కంప్యూటర్ తెచ్చింది. అందులో ఫ్యాను వద్దని స్టీవ్ జాబ్స్ పట్టుబట్టారు. మిషను నిశ్శబ్దంగానే ఉంది. లోపల వేడి పెరిగి చిప్‌లు సాకెట్లలోంచి వదులవుతున్నాయని ఫిర్యాదులు మొదలయ్యాయి. మిషన్ను రెండు మూడు అంగుళాలు పైకెత్తి బల్ల మీద వదిలేస్తే చిప్‌లు మళ్లీ కూర్చుంటాయని వినియోగదారులకు సలహా ఇచ్చారంటే పరిస్థితి ఎలా ఉండేదో ఊహించుకోండి. ఆ వేసవిలో దాన్ని పిడుగురాళ్లలో పెట్టి ఉంటే ఏమయ్యేదో!

సగం వేగం, పదిహేను డెసిబెల్స్

శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారని ఇంటర్ ఫిజిక్స్‌లో చదివే ఉంటారు. ఇది లాగరిథమ్ కొలత. ఒకే మోత చేసే ఫ్యాన్లు రెండు పెడితే శబ్దం రెట్టింపు అంకె కాదు, 3 డెసిబెల్సే పెరుగుతుంది. మన చెవికి 'రెండింతలైంది' అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి. రాత్రిపూట నిశ్శబ్దంగా ఉన్న గది 30 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. మామూలుగా మాట్లాడుకుంటే 60 దాకా వెళ్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఫ్యాను వేగం సగానికి తగ్గిస్తే అది తోసే గాలి కూడా దాదాపు సగమవుతుంది. శబ్దం మాత్రం 15 డెసిబెల్స్ దాకా పడిపోతుంది. అంటే గాలిలో సగం పోగొట్టుకున్నా, చప్పుడు చెవికి మూడో వంతే అనిపిస్తుంది. ఒక ఫ్యాను 1800 చుట్లు తిరిగే బదులు రెండు ఫ్యాన్లు తొమ్మిదేసి వందలు తిరిగితే గాలి అంతే వస్తుంది. ఒక్కో ఫ్యాను 15 డెసిబెల్స్ తగ్గింది, రెండున్నాయి కాబట్టి 3 కలిసింది. నికరంగా 12 డెసిబెల్స్ లాభం. సైలెంట్ పీసీ కట్టేవాళ్ల కిటుకంతా ఈ ఒక్క లెక్కలోనే ఉంది.

అసలు ఎంత గాలి కావాలి? పెట్టెలో వంద వాట్లు వేడి పుడుతోందనుకుందాం. లోపలి గాలి గది కంటే 5 డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే నిమిషానికి సుమారు 35 ఘనపుటడుగుల గాలి మారితే చాలు. గాలి సాంద్రత, విశిష్టోష్ణం వేసి మీరే లెక్కగట్టి చూసుకోండి, పది నిమిషాల పని. మార్కెట్‌లో దొరికే ఆర్కిటిక్ పీ12 లాంటి 120 మిల్లీమీటర్ల ఫ్యాను 1800 చుట్ల దగ్గర 56 ఘనపుటడుగులు తోస్తుందని కంపెనీ చెబుతుంది. అలాంటివి రెండు సగం వేగంతో తిరిగినా, ఫిల్టర్లూ జాలీలూ అడ్డం పడి కొంత పోయినా, మన అవసరం తీరిపోతుంది. ఆరు ఫ్యాన్ల కేబినెట్‌కు పెట్టే డబ్బు ఇక్కడే మిగిలింది.

ప్రాసెసర్ దగ్గరే సగం పని

చాలామంది కూలర్‌తో మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సింది ప్రాసెసర్‌తో. పుట్టని వేడికి ఫ్యాను అక్కర్లేదు.

జావా, పైథాన్, వెబ్ డెవలప్‌మెంట్, డేటాబేస్‌లు, వీడియో కాల్స్.. ఉద్యోగ వేటలో ఉన్న విద్యార్థికి కావాల్సినవి ఇవి. వీటికి నాలుగు లేదా ఆరు కోర్లు సరిపోతాయి. ఇంటెల్ కోర్ ఐ3-12100 బేస్ పవర్ 60 వాట్లు, టర్బోలో గరిష్ఠంగా 89. ఆరు కోర్ల ఐ5-12400కు అవే అంకెలు 65, 117. ఏఎండీ రైజెన్ 5 5600జీ 65 వాట్ల రకం, గ్రాఫిక్స్ అందులోనే ఉంటాయి. దీనికో సౌలభ్యం ఉంది. 45 నుంచి 65 వాట్ల మధ్య ఎక్కడైనా సర్దుకునే వీలును ఏఎండీయే ఇచ్చింది. మదర్‌బోర్డు అనుమతిస్తే బయోస్‌లో 45 పెట్టుకోవచ్చు. కంపైల్ అయ్యే టైము కాస్త పెరుగుతుంది, వేసవి రాత్రులు గడిచిపోతాయి.

దీనికి పక్కనే ఐ9-14900కే పెట్టి చూడండి. గరిష్ఠంగా 253 వాట్లు! అది మంచి చిప్పే, మన గదికి మాత్రం పొయ్యి. 'ఫ్యూచర్ ప్రూఫ్ బ్రదర్' అని ఎవరైనా అంటే వాళ్లింట్లో ఏసీ ఉందేమో కనుక్కోండి.

పేరు చివరి అక్షరాలు కూడా చూసుకోవాలి. ఇంటెల్‌లో 'ఎఫ్' ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండవు. నాలుగు డబ్బులు తక్కువని అది తీసుకుంటే వేరే గ్రాఫిక్స్ కార్డు కొనాలి. అంటే ఇంకో రెండు ఫ్యాన్లు, ఇంకో వేడి వనరు. 'కే' ఉంటే డబ్బాలో కూలర్ రాదు, వాట్లు ఎక్కువ. 'టీ' రకాలు 35 వాట్లవి, విడిగా దొరకడం కష్టం.

లైట్లు వద్దన్నా, తిప్పే వీలుండాలి

ప్రాసెసర్ డబ్బాలో వచ్చే చిన్న కూలర్ చెడ్డదేం కాదు. చలికాలం దానితో గడిచిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లోనే అది పూర్తి వేగంతో తిరిగి పీకుతుంది. బడ్జెట్‌లో ఒకే ఒక్క అదనపు వస్తువుకు చోటుంటే, నా ఓటు నాలుగు హీట్‌పైపులు, 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఉన్న టవర్ కూలర్‌కే. డీప్‌కూల్ ఏజీ400 ఈ కోవలోదే. రెండు వేల రూపాయలకు కాస్త అటూఇటూ. 60, 70 వాట్ల చిప్‌కు ఇది కాస్త ఎక్కువే, ఆ ఎక్కువే మనకు కావాలి. పెద్ద కూలర్ మీద చిన్న వేడి ఉంటే ఫ్యాను తొందరపడదు. కొనేముందు దాని ఎత్తు కేబినెట్‌లో పడుతుందో లేదో మిల్లీమీటర్లలో చూసుకోండి. సైడు డోరు మూసుకోక బాధపడేవాళ్లు చాలామందే ఉంటారు.

వాటర్ కూలింగ్ గురించి అడుగుతారు. అందులో ఫ్యాన్లు ఎలాగూ ఉంటాయి, పైన పంపు చప్పుడు అదనం. 65 వాట్ల చిప్‌కు అనవసరం.

మనవాళ్లు ఎక్కువగా మోసపోయేది కేబినెట్ ఫ్యాన్ల దగ్గర. షాపులో మాటలు ఇలా నడుస్తాయి.

'అన్నా, ఈ ఫ్యాన్ల వేగం తగ్గించొచ్చా?'

'తమ్ముడూ, రిమోట్ వస్తది, లైట్లు పదహారు రకాలు మారతాయి.'

'లైట్లు కాదన్నా, స్పీడు.'

'స్పీడెందుకు తగ్గించడం? ఫుల్‌లో ఉంటేనే కదా చల్లగుండేది!'

చౌక కేబినెట్లలో రంగుల లైట్లతో వచ్చే చాలా ఫ్యాన్లకు నాలుగు రంధ్రాల పెద్ద మోలెక్స్ కనెక్టర్ ఉంటుంది. అది నేరుగా పవర్ సప్లైకి తగులుతుంది. స్విచ్చేసిన క్షణం నుంచి ఆపేదాకా ఒకే వేగం. మదర్‌బోర్డుకు దాని మీద ఏ పట్టూ ఉండదు. మీకు కావాల్సింది మదర్‌బోర్డుకు తగిలే నాలుగు పిన్నుల పీడబ్ల్యూఎం ఫ్యాను. మూడు పిన్నులదైనా పర్వాలేదు, చాలా బోర్డులు వోల్టేజీ తగ్గించి దాన్నీ అదుపు చేస్తాయి. బోర్డు మీద ఫ్యాన్ హెడర్లు ఎన్నున్నాయో కూడా లెక్కపెట్టుకోండి. మరీ చౌక బోర్డుల్లో ప్రాసెసర్‌ది కాక ఒక్కటే ఉంటుంది. అప్పుడు వంద రెండొందల రూపాయల స్ప్లిటర్ వైరు తీసుకుంటే సరి.

ఫ్యాను బేరింగ్ సంగతీ అడగండి. స్లీవ్ బేరింగ్ చౌక. వేడికి, దుమ్ముకు లోపలి నూనె త్వరగా ఆరిపోయి ఏడాది రెండేళ్లలో గరగరలాడుతుంది. ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగ్ అయితే ఎక్కువ కాలం నిలుస్తుంది. డబ్బా మీద రాసిన డెసిబెల్ అంకెల్ని మాత్రం పెద్దగా నమ్మొద్దు. ఒక్కో కంపెనీ ఒక్కో దూరంలో, ఒక్కో పద్ధతిలో కొలుస్తుంది. అడ్డేమీ లేని చోట ఒంటరి ఫ్యానును కొలిచిన అంకె మీ పెట్టెలో రాదు.

మూసిన పెట్టెనా, జాలీ పెట్టెనా?

'సైలెంట్ కేస్' పేరుతో లోపల స్పాంజి అతికించి, ముందు భాగం మూసేసిన కేబినెట్లు ఉంటాయి. చలి దేశాల్లో అవి బాగానే పనిచేస్తాయి. మన దగ్గర నేను వాటిని సూచించను. ముందు మూసేస్తే గాలి అందదు, గాలి అందకపోతే ఫ్యాను వేగం పెంచుతుంది, స్పాంజి ఆపిన చప్పుడు కంటే కొత్తగా పుట్టిన చప్పుడే ఎక్కువవుతుంది. ముందు జాలీ ఉన్నది, దాని వెనక ఊడదీసి కడుక్కునే దుమ్ము ఫిల్టర్ ఉన్నది తీసుకోండి. ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి లాగాలి, వెనక ఒకటి బయటికి నెట్టాలి. లోపలికొచ్చే గాలి కాస్త ఎక్కువుంటే సందుల్లోంచి దుమ్ము దూరడం తగ్గుతుంది.

దుమ్మును తక్కువ అంచనా వేయకండి. అద్దంకి-నార్కెట్‌పల్లి రహదారి మీద లారీలు లేపే ధూళి, పిడుగురాళ్ల వైపు సున్నం పొడి, కోతల కాలంలో పత్తి నూగు.. అన్నీ కూలర్ రేకుల మధ్యే చేరతాయి. కొన్న రోజు చల్లగా ఉన్న సిస్టమ్ ఆరు నెలలకు గోల చేస్తోందంటే తొంభై పాళ్లు కారణం ఇదే. ఫిల్టర్‌ను పదిహేను రోజులకోసారి దులపండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి. గాలికి అది విపరీతమైన వేగంతో తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

పెట్టెను పెట్టే చోటు కూడా ముఖ్యమే. కంప్యూటర్ టేబుళ్లలో సీపీయూ కోసమని ఓ అర చేస్తారు, మూడు పక్కలా చెక్క, ముందు తలుపు. వేడి గాలి అక్కడే తిరిగి మళ్లీ లోపలికే పోతుంది. కనీసం వెనక చెక్క తీసేయండి, కుదిరితే పెట్టెను బయట స్టూలు మీద పెట్టండి. ఎయిర్ కూలర్ గాలి నేరుగా కేబినెట్‌కు తగిలేలా మాత్రం పెట్టొద్దు, ఆ గాలిలో తేమ ఉంటుంది.

పవర్ సప్లైలో 750 వాట్లు ఎందుకు?

'సేఫ్ సైడ్ 750 వాట్లది తీసుకోండి' అనే మాట ప్రతి షాపులోనూ వినిపిస్తుంది. లెక్క వేద్దాం. మనం చెప్పుకున్న ప్రాసెసర్, లోపలి గ్రాఫిక్స్, ఒక ఎస్‌ఎస్‌డీ, రెండు మూడు ఫ్యాన్లు.. అన్నీ పూర్తి జోరులో ఉన్నా 120, 130 వాట్లు దాటడం కష్టం. నాణ్యమైన 450 వాట్లది చాలు. అది పావు వంతు బరువు మోస్తూ, ఫ్యాను నెమ్మదిగా తిప్పుకుంటూ నడిచిపోతుంది.

దాని మీద ఉండే '80 ప్లస్' ముద్ర చప్పుడు గురించి చెప్పదు, కరెంటు ఎంత వృథా అవుతుందో చెబుతుంది. సగం లోడు దగ్గర బ్రాంజ్ అయితే సుమారు 85 శాతం, గోల్డ్ అయితే 90 శాతం సామర్థ్యం. ఆ పరీక్ష కూడా 23 డిగ్రీల చుట్టూ ఉన్న గదిలోనే చేస్తారు. మనం అడగాల్సిన అంకె ఇంకొకటుంది. పూర్తి వాటేజీని ఎన్ని డిగ్రీల దగ్గర ఇవ్వగలదు? కొన్ని కంపెనీలు 40 డిగ్రీలకు హామీ ఇస్తాయి, మంచివి 50కి ఇస్తాయి. బయటే నలభై దాటే చోట 50 రాసినది వెతుక్కోవడం చాదస్తం కాదు. పేరూ ఊరూ లేని పవర్ సప్లైని కేబినెట్‌తో పాటు 'ఫ్రీ'గా ఇస్తామంటే వద్దనండి. దాని ఫ్యాను మొదటి రోజు నుంచే మోగుతుంది. వోల్టేజీ ఎగుడుదిగుడుల్లో మిగతా భాగాలను కూడా తీసుకుపోగలదు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అది స్క్వేర్ వేవ్‌దో, సైన్ వేవ్‌దో చూసుకోండి. యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న మంచి పవర్ సప్లైలు కొన్ని స్క్వేర్ వేవ్ మీద ఆగిపోతాయి, లేదా గుయ్యిమంటాయి. కరెంటు పోయినప్పుడు పరీక్ష మధ్యలో ఈ సంగతి తెలుసుకోవడం కంటే ముందే ఓ రోజు మెయిన్ ఆపి చూడడం నయం.

మిగతావి త్వరగా. డిస్కు విషయంలో ఆలోచనే వద్దు. ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు. పాత సినిమాలూ ఫొటోలూ ఉన్న హార్డ్ డిస్కును లోపల బిగించకుండా యూఎస్‌బీ పెట్టెలో ఉంచి, కావాల్సినప్పుడే తగిలించుకోండి. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కు సెకనుకు 120 సార్లు అదురుతుంది. చెక్క బల్ల ఆ అదురును తబలాలా పెంచుతుంది. తీయడం కుదరకపోతే పాత సైకిల్ ట్యూబు ముక్కలు నాలుగు కోసి కేబినెట్ కాళ్ల కింద పెట్టండి. గ్రాఫిక్స్ కార్డు ఏఐ, గేమ్ డెవలప్‌మెంట్ వైపు వెళ్లేవాళ్లకే అవసరం. అప్పుడు కూడా ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ లాంటిది 70 వాట్లలో, విడి పవర్ వైరు లేకుండా నడుస్తుంది. పని లేనప్పుడు ఫ్యాన్లు పూర్తిగా ఆగిపోయే మోడల్‌ను ఎంచుకోండి. ర్యామ్ చప్పుడు చేయదు, జేబుకు మాత్రం చేస్తోంది. 2025 చివరి నుంచి ధరలు బాగా పెరిగాయి. పాత సిస్టమ్‌లో పనికొచ్చే డీడీఆర్4 ఉంటే అది పట్టే బోర్డునే తీసుకోవడం తెలివైన పని.

ఎక్కడ కొనాలంటే.. నరసరావుపేటలో మామూలు భాగాలు దొరుకుతాయి. టవర్ కూలర్, మంచి ఫ్యాన్లు, 50 డిగ్రీల పవర్ సప్లై కోసం గుంటూరో, విజయవాడో వెళ్లాల్సి రావచ్చు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్.. అదే, అందరూ 'సీటీసీ' అనే చోటు.. అయితే పక్కపక్క షాపుల్లో ధరలు పోల్చుకోవచ్చు. ఎక్కడ కొన్నా బిల్లు మీద ఒక్కో భాగం సీరియల్ నంబరు రాయించుకోండి. వారంటీకి ఏ ఊరు తీసుకెళ్లాలో డబ్బు కట్టకముందే అడగండి.

ఖర్చు లేని అరగంట

భాగాలు బిగించాక చాలామంది విండోస్ వేసుకుని వదిలేస్తారు. ఇంకో అరగంట పని మిగిలే ఉంటుంది. బయోస్‌లోకి వెళ్తే ఫ్యాన్ల వేగం గీత కనిపిస్తుంది. అసుస్ బోర్డుల్లో క్యూ-ఫ్యాన్ అంటారు, గిగాబైట్, ఎంఎస్‌ఐలలో స్మార్ట్ ఫ్యాన్ అంటారు. కంపెనీ పెట్టిన గీత చలి దేశానికి తగ్గట్టు ఉంటుంది. చిప్ 50 దాటగానే వేగం పెంచుతుంది. మన గదిలో పనిలేనప్పుడే 50 ఉండొచ్చు! 65 డిగ్రీల దాకా ఒకే నెమ్మది వేగం, అక్కడి నుంచి 85 దాకా నిదానంగా పెరిగేలా గీత గీయండి. ఈ చిప్‌ల గరిష్ఠ హద్దు 95, 100 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి కాసేపు 80 చూపించినా కంగారు అక్కర్లేదు. స్పందించే ముందు కొన్ని సెకన్లు ఆగే సెట్టింగ్ కూడా ఉంటే వాడండి. ఫ్యాను క్షణానికోసారి లేచి పడడం నిలకడగా తిరిగే దానికంటే ఎక్కువ చికాకు పెడుతుంది. ఇంటెల్ బోర్డులైతే టర్బో పవర్ పరిమితిని 65 వాట్లకు కుదించే అవకాశం చాలావాటిలో ఉంటుంది.

కొత్త సిస్టమ్‌కు డబ్బుల్లేవా? ఉన్నదాన్నే తీసుకుని దుమ్ము దులిపి, ఎండిపోయిన థర్మల్ పేస్టు తీసేసి కొత్తది రాసి, ఫ్యాను గీత మార్చండి. పేస్టు ధర రెండు మూడొందలు. చాలా పాత సిస్టమ్‌లకు ఇదే పెద్ద మార్పు.

ఇంటర్వ్యూలో ఇది పనికొస్తుందా?

సొంతంగా పీసీ కట్టినంత మాత్రాన ఉద్యోగం రాదు. కానీ రెజ్యూమెలో 'ప్రాజెక్టులు' అన్న చోట సీనియర్ల నుంచి తెచ్చుకున్న లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ రాసుకునే బదులు, మీరు నిజంగా చేసిన పని రాస్తే అడిగేవాళ్లకూ ఆసక్తి పుడుతుంది. దానికి ఆధారాలు కావాలి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో, లైనక్స్‌లో అయితే సెన్సర్స్ కమాండ్‌తో చిప్ ఉష్ణోగ్రత, వాట్లు, ఫ్యాను చుట్లు రికార్డు చేయండి. పక్కన గది ఉష్ణోగ్రత రాయండి. జనవరిలో ఒకసారి, మేలో ఒకసారి అదే పరీక్ష పెట్టి చూడండి. ఆ లాగ్ ఫైలును పైథాన్‌తో గ్రాఫ్ గీస్తే చిన్నదైనా మీ సొంత డేటా, మీ సొంత ప్రాజెక్టు. '45 వాట్లకు తగ్గిస్తే పని ఎంత నెమ్మదించింది?' అని అడిగితే సెకన్లలో చెప్పగలగాలి. థర్మల్ థ్రాట్లింగ్ అంటే ఏమిటన్న ప్రశ్నకు పుస్తకంలో నిర్వచనం కాకుండా మీ గదిలో మే 10న ఏం జరిగిందో చెప్పగలిగితే ఇంకా మంచిది.

హార్డ్‌వేర్ వైపే వెళ్లాలనుకునేవాళ్లకు ఐటీఐలో 'కంప్యూటర్ హార్డ్‌వేర్ అండ్ నెట్‌వర్క్ మెయింటెనెన్స్' ఏడాది ట్రేడ్ ఉంది. కాంప్‌టియా ఏ ప్లస్ సర్టిఫికేషన్‌లో రెండు పరీక్షలుంటాయి. ఈ వ్యాసంలో మాట్లాడుకున్న సంగతులు చాలా అందులో పాఠాలే. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో అయిదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ హబ్ పెడతానని ప్రకటించింది. వాట్లు ఎన్ని, వేడి ఎంత, దాన్ని బయటికి పంపడం ఎలా అన్నవే డేటా సెంటర్ల ప్రశ్నలు కూడా. అంకెలకు సున్నాలు మాత్రం చాలా ఎక్కువ.

ఇక రేపే ఇంటర్వ్యూ ఉండి, పాత పెట్టె ఇంకా బుర్రుమంటూనే ఉంటే ఇలా చేయండి. కేబినెట్‌ను వైరు అందినంత దూరం జరపండి. దూరం రెట్టింపైతే నేరుగా వచ్చే శబ్దం 6 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. వెబ్‌క్యామ్ మైక్ వాడకుండా, నోటి దగ్గరకొచ్చే మైక్ ఉన్న హెడ్‌సెట్ పెట్టుకోండి. సీలింగ్ ఫ్యాను ఒక పాయింటు తగ్గించండి, మైక్‌కు దాని గాలి కూడా తగులుతుంది. ముందురోజు రాత్రే మీ గొంతు రికార్డు చేసి ఫోన్‌లో విని చూసుకోండి. నాన్న నిద్రపోకముందు.